పెన్ను పట్టుకుని చదవాల్సిన పుస్తకం: డిగ్రీ విద్యార్థులకు సైన్స్ టెక్స్ట్‌బుక్ మార్గదర్శి

బీఎస్సీ మొదటి సంవత్సరంలో థర్మోడైనమిక్స్ పాఠాన్ని నేను మొదటి నుంచి చివరిదాకా మూడుసార్లు చదివాను. సగం పేజీలు పసుపు హైలైటర్‌తో నిండిపోయాయి. పరీక్షలో ఎంట్రోపీ మీద ప్రశ్న చూడగానే ఆ పేజీ కళ్ల ముందు మెదిలింది, కుడివైపు పైన ఉన్న బొమ్మతో సహా. కానీ ఒక్క వాక్యం రాయలేకపోయాను. ఆ బాధ ఇప్పటికీ గుర్తుంది. ఇప్పుడు డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతున్నాను. ప్రతి సంవత్సరం ఎవరో ఒకరు వచ్చి అదే మాట అంటారు: "చదివాను సార్, చదివినప్పుడు అర్థమైంది, రాయబోతే రావట్లేదు." వాళ్లు నిజమే చెబుతున్నారు, కష్టపడుతున్నారు కూడా. చిక్కంతా చదివే పద్ధతి దగ్గరే ఉంది.

కథల పుస్తకాన్ని పడుకుని కళ్లతో చదువుకోవచ్చు. సైన్స్ పుస్తకం అలా లొంగదు. అందులో ఒక వాక్యానికీ తర్వాతి వాక్యానికీ మధ్య రెండు మూడు మెట్లు వదిలేసి ఉంటాయి. చోటు చాలకో, చదివేవాడికి తెలిసే ఉంటుందనో రాసినవాళ్లు వాటిని వదిలేస్తారు. ఆ మెట్లు మనం కట్టుకోవాలి. అందుకే చేతిలో పెన్ను, పక్కన రఫ్ కాగితాలు లేకుండా చదవడం మొదలుపెట్టవద్దని మా క్లాసులో మొదటి రోజే చెబుతాను. ఈ వ్యాసంలో చెప్పేదంతా ఆ పెన్నుతో ఏం చేయాలన్నదే.

మొదటి పని: పాఠం చుట్టూ ఒకసారి తిరిగి రావడం

కొత్త ఊరికి వెళితే ముందు బస్టాండు ఎక్కడ, బజారు ఎక్కడ అని చూసుకుంటాం. పాఠానికీ పది నిమిషాలు అలాగే కేటాయించండి. మొదటి పేరా చదవకుండా నేరుగా చివరికి వెళ్లండి. అక్కడున్న ప్రశ్నలు, లెక్కలు చూడండి. తర్వాత పాఠంలోని ఉపశీర్షికలు, బొమ్మలు, డబ్బాల్లో పెట్టిన సమీకరణాలు చూస్తూ వెనక్కి రండి. జవాబులు తెలియాల్సిన పనిలేదు. ఈ పాఠం మననుంచి ఏం అడగబోతోందో తెలిస్తే చాలు.

అప్పుడు ఒక కాగితం మీద నాలుగైదు ప్రశ్నలు రాసుకోండి. ఉదాహరణకు ఎలక్ట్రోకెమిస్ట్రీ తీసుకుందాం. నేను ఏళ్లుగా చెబుతున్న పాఠం కాబట్టి ఈ వ్యాసంలో ఎక్కువ ఉదాహరణలు దాన్నుంచే ఇస్తాను. పేజీలు తిప్పగానే ఇలాంటి ప్రశ్నలు పుట్టాలి: ఘటంలో, అంటే సెల్‌లో, కరెంటు ఎందుకు ఒకే దిక్కున పారుతుంది? ప్రమాణ పొటెన్షియల్‌ల పట్టికలో హైడ్రోజన్‌కి సున్నా అని ఎవరు పెట్టారు? సమీకరణంలో 0.0591 అనే సంఖ్య ఎక్కడి నుంచి ఊడిపడింది?

ముందు చూపు, తర్వాత ప్రశ్న, ఆ తర్వాతే చదువు. అమెరికాలో ఒహైయో స్టేట్ యూనివర్సిటీ మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ రాబిన్సన్ 1940లలో ఈ వరుసను ఒక పద్ధతిగా ప్రచారంలోకి తెచ్చారు. ఆయన పద్ధతిలో ఐదు మెట్లున్నాయి. నా మటుకు ప్రశ్న రాసుకునే మెట్టు ఒక్కటే మిగతా నాలుగింటి బరువూ మోస్తుంది.

మాటల కాగితం

ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి డిగ్రీలో ఇంగ్లిష్ పుస్తకం చేతికొచ్చిన వాళ్లకు ఈ మెట్టు చాలా ముఖ్యం. నేనూ అలా వచ్చినవాణ్ణే. తెలియని పెద్ద మాటలు మనల్ని అంతగా దెబ్బతీయవు, వాటిని ఎలాగూ వెతుక్కుంటాం. తెలిసినట్టే కనిపించే చిన్న మాటలు తప్పుదారి పట్టిస్తాయి.

'వర్క్' అంటే పని. కానీ ఫిజిక్స్‌లో, నెత్తిన బియ్యం బస్తా పెట్టుకుని గంటసేపు కదలకుండా నిలబడ్డ హమాలీ ఆ బస్తా మీద చేసిన పని సున్నా. 'నార్మల్' అంటే మామూలు అనుకుంటాం, కాంతి పాఠంలో అది లంబరేఖ. 'మొమెంట్' అంటే క్షణం అనుకుంటే బలాల పాఠంలో ఏమీ తలకెక్కదు, అక్కడది భ్రామకం. 'కల్చర్' మైక్రోబయాలజీలో వర్ధనం. వీటన్నిటిలోకీ ఎక్కువమందిని పడగొట్టేది 'స్పాంటేనియస్' అనే మాట. దానంతట అదే జరిగేది అంటే వెంటనే, వేగంగా జరిగేది అనుకుంటారు. మామూలు ఉష్ణోగ్రత, పీడనాల దగ్గర వజ్రం గ్రాఫైట్‌గా మారడం థర్మోడైనమిక్స్ లెక్కలో స్పాంటేనియస్ చర్యే. అయినా అమ్మమ్మ ముక్కుపుడకలోని వజ్రం అలాగే ఉంది. ఆ మాట చర్య ఏ దిక్కుకు మొగ్గుతుందో చెబుతుంది, వేగం గురించి ఏమీ చెప్పదు.

ఒక కాగితాన్ని మూడు నిలువు గళ్లు చేయండి. మొదటి గడిలో మాట, రెండో గడిలో మీకు తెలిసిన తెలుగు మాట, మూడో గడిలో ఈ పాఠంలో దాని అర్థం మీ సొంత వాక్యంలో. తెలుగు మీడియంలో నేర్చుకున్న ద్రవాభిసరణం, క్షయకరణం, జడత్వం లాంటి మాటల్ని పారేయకండి. అవి మీ పునాది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ డిగ్రీ స్థాయి సైన్స్ పుస్తకాలను కూడా తెలుగులో వేసింది. కాలేజీ లైబ్రరీలో పాత ప్రతి దొరికితే పక్కన పెట్టుకోండి. భావాన్ని తెలుగులో పట్టుకుని, జవాబును ఇంగ్లిష్‌లో రాయడం తప్పేమీ కాదు. నేను డిగ్రీ గట్టెక్కింది అలాగే.

మొదటి చదువు: ఆగకుండా

ఒక ఉపశీర్షిక నుంచి తర్వాతి ఉపశీర్షిక దాకా, అంటే రెండు మూడు పేజీలు, ఒక్క ఊపున చదవండి. అర్థం కాని చోట పక్కన పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టి ముందుకు వెళ్లండి. హైలైటర్ వాడకండి. మొదటిసారి చదువుతున్నప్పుడు ఏది ముఖ్యమో మనకు తెలియదు కాబట్టి అన్నీ ముఖ్యంగానే కనిపిస్తాయి. కెంట్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన జాన్ డన్‌లాస్కీ, మరికొందరు 2013లో పది చదువు పద్ధతుల మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను పరిశీలించారు. హైలైట్ చేయడం, మళ్లీ మళ్లీ చదవడం తక్కువ ఉపయోగం ఉన్న పద్ధతులుగా తేలాయి. తనను తాను పరీక్షించుకోవడం, విడతలుగా చదవడం పైన నిలిచాయి. మన హాస్టళ్లలో రాత్రి పూట జరిగే చదువు సరిగ్గా దీనికి తలకిందులుగా ఉంటుంది.

రెండో చదువు: ఇక్కడే అసలు పని

ఇప్పుడు వెనక్కి వచ్చి ఒక్కో వాక్యం దగ్గర ఆగండి. గంటకు నాలుగు పేజీలే అయితే టెన్షన్ పడకండి. నాలుగు పేజీలు నిజంగా చదివితే అది మంచి గంటే.

నెర్న్‌స్ట్ సమీకరణం దగ్గర ఈ పని ఎలా ఉంటుందో పూర్తిగా చేసి చూపిస్తాను. వాల్తర్ నెర్న్‌స్ట్ 1889లో దీన్ని ఇచ్చారు. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర పుస్తకం చెప్పేది ఇది: 0.0591ని ఎలక్ట్రాన్ల సంఖ్యతో భాగించి, రియాక్షన్ కోషెంట్ (చర్యలో పుట్టేవాటి గాఢతను ఖర్చయ్యేవాటి గాఢతతో భాగిస్తే వచ్చేది) లాగరిథంతో గుణించి, వచ్చినదాన్ని ప్రమాణ ఈఎంఎఫ్‌లోంచి తీసేస్తే ఘటం ఈఎంఎఫ్, అంటే అది ఇచ్చే వోల్టేజీ, వస్తుంది. చాలామంది దీన్ని బట్టీ పట్టి ముందుకు వెళ్లిపోతారు. మీరు ఆగండి.

మొదటి ప్రశ్న, సంఖ్య ఎక్కడిది? వాయు స్థిరాంకం 8.314ని, 25 డిగ్రీలకు సమానమైన 298 కెల్విన్‌తో గుణించండి. దాన్ని 2.303తో గుణించి, ఫారడే స్థిరాంకం 96,485తో భాగించండి. క్యాలిక్యులేటర్‌లో 0.0591 కనిపిస్తుంది. 2.303 ఎందుకంటే సహజ లాగరిథాన్ని పది ఆధారంగా ఉన్న లాగరిథంలోకి మార్చాం. ఈ లెక్కకు రెండు నిమిషాలు పడుతుంది. ఆ తర్వాత 40 డిగ్రీల దగ్గర లెక్క ఇచ్చినా మీరు తడబడరు. 0.0591 ఆ ఉష్ణోగ్రతకు పనికిరాదని మీకు తెలుసు.

రెండో ప్రశ్న, ఒక నిజమైన ఘటంలో ఇదేం చెబుతుంది? 1836 నాటి డానియల్ ఘటాన్నే తీసుకోండి. జింక్ కరుగుతుంది, రాగి పేరుకుంటుంది, రెండు ఎలక్ట్రాన్లు మారతాయి. రాగి ప్రమాణ పొటెన్షియల్ 0.34 వోల్టులు, జింక్‌ది మైనస్ 0.76, కాబట్టి ప్రమాణ ఈఎంఎఫ్ 1.10. ఇప్పుడు జింక్ అయాన్ల గాఢత 1 మోలార్, రాగి అయాన్లది 0.01 మోలార్ అనుకోండి. లెక్క వేసే ముందే ఊహించండి: ఈఎంఎఫ్ పెరుగుతుందా, తగ్గుతుందా? రాగి అయాన్లు చర్యలో ఖర్చయ్యే సరుకు. సరుకు తక్కువైతే చర్య ముందుకు సాగే ఊపు తగ్గాలి. ఇప్పుడు లెక్క: కోషెంట్ 100, దాని లాగరిథం 2, 0.0591లో సగాన్ని 2తో గుణిస్తే దాదాపు 0.06. అంటే ఈఎంఎఫ్ 1.04 వోల్టులు. ఊహ, లెక్క కలిశాయి. కలవకపోతే ఇంకా మంచిది, మీ ఆలోచనలో ఎక్కడ పగులుందో దొరికింది.

మూడో ప్రశ్న, అంచుల దగ్గర ఏమవుతుంది? కోషెంట్ 1 అయితే లాగరిథం సున్నా, మిగిలేది ప్రమాణ విలువే. 'ప్రమాణ' అనే మాటకు అర్థం ఇప్పుడు తెలిసింది. మరి ఈఎంఎఫ్ సున్నా అయిందంటే? సెల్ అయిపోయింది, చర్య సమతాస్థితికి చేరింది. ఆ స్థితిలో లాగరిథం ఎంతుండాలో మీరే లెక్కిస్తే 37 పైచిలుకు వస్తుంది. అంటే సమతాస్థితి స్థిరాంకం 1 పక్కన 37 సున్నాలు పెట్టినంత పెద్దది. రాగి అయాన్లు దాదాపు పూర్తిగా ఖర్చయ్యేదాకా ఈ ఘటం ఆగదన్నమాట. పుస్తకంలో ఒక్క వరుసలో ఉన్న సమీకరణం ఇంత చెప్పింది.

ఏ సమీకరణం దగ్గరైనా ఈ మూడు ప్రశ్నలూ అడగవచ్చు. అన్నిటి దగ్గరా అడిగే టైమ్ లేకపోతే పాఠానికి రెండు మూడు ముఖ్యమైన వాటి దగ్గరైనా అడగండి.

డెరివేషన్ పక్కన నాలుగు అక్షరాలు

ఫిజిక్స్ డెరివేషన్లకు నేనొక చిన్న పద్ధతి వాడతాను. ప్రతి వరుస పక్కన ఒక అక్షరం రాయండి. నిర్వచనం నుంచి వచ్చిన వరుసకు 'ని', సూత్రం వాడిన వరుసకు 'సూ', ఉత్త లెక్క అయితే 'లె', ఉజ్జాయింపు అయితే 'ఉ'. ఇరవై వరుసల డెరివేషన్‌లో పదిహేను దాకా 'లె'లే ఉంటాయి. అవి గుర్తుపెట్టుకోవాల్సినవి కావు, చేతికి వచ్చేస్తాయి. మిగిలిన నాలుగైదు వరుసలే భౌతికశాస్త్రం.

'ఉ' ఉన్న చోట తప్పకుండా ఆగాలి. లఘు లోలకంలో కోణం సైన్ విలువ బదులు కోణాన్నే వేసే వరుస ఉంటుంది. ఎంత కోణం దాకా ఇది చెల్లుతుందో క్యాలిక్యులేటర్‌లో చూడండి. 10 డిగ్రీలు అంటే 0.1745 రేడియన్లు, దాని సైన్ 0.1736. తేడా అర శాతం. 60 డిగ్రీల దగ్గర కోణం 1.047, సైన్ 0.866. ఇక చెల్లదు. ల్యాబ్‌లో లోలకాన్ని కొంచెమే పక్కకు లాగి వదలమని ఎందుకంటారో ఇక్కడ తెలుస్తుంది. రికార్డ్‌లో రాసే జాగ్రత్తలు టెక్స్ట్‌బుక్ ఉజ్జాయింపుల నుంచే వస్తాయని నాకు తెలిసింది నేను పాఠం చెప్పడం మొదలుపెట్టాకే. మీకు ముందే తెలిస్తే మంచిది.

చేసి ఇచ్చిన లెక్కలు

వీటిని చదవకండి, చేయండి. ప్రశ్న మాత్రం కనిపించేలా జవాబు మీద కాగితం కప్పండి. ఐదు నిమిషాలు ప్రయత్నించి, ఇరుక్కుంటే ఒక్క వరుస కిందికి కాగితం జరపండి. ఆ వరుస ఎందుకు వచ్చిందో నోటితో చెప్పుకుని మళ్లీ మీరే కొనసాగించండి.

మిషెలిన్ చీ బృందం 1989లో ప్రచురించిన అధ్యయనంలో, యంత్రశాస్త్రంలో చేసి ఇచ్చిన లెక్కలను విద్యార్థులు ఎలా చదువుతున్నారో వాళ్ల నోటితోనే చెప్పించారు. తర్వాత కొత్త లెక్కలు బాగా చేసినవాళ్లు చదివేటప్పుడు ప్రతి మెట్టుకూ కారణం తమకు తాము ఎక్కువగా వివరించుకున్నారు. తమకు ఎక్కడ అర్థం కాలేదో కూడా వాళ్లే ఎక్కువసార్లు గుర్తించారు. "ఇక్కడ నాకు అర్థం కాలేదు" అని గుర్తించడం బలహీనత అనుకునే పిల్లల్ని చూస్తే నాకు బాధేస్తుంది. ఆ గుర్తింపు దగ్గరే చదువు మొదలవుతుంది.

బొమ్మలు, గ్రాఫులు

బయాలజీ పుస్తకంలో బొమ్మ పాఠానికి అలంకారం కాదు, చాలాసార్లు బొమ్మే పాఠం. ముందు బొమ్మ కింది వివరణ చదవండి. తర్వాత కదిలేది ఏది, ఎక్కడి నుంచి ఎక్కడికి, దానికి శక్తి ఎక్కడిది అని అడగండి. సోడియం పొటాషియం పంపు బొమ్మలో మూడు సోడియం అయాన్లు కణం బయటికి, రెండు పొటాషియం అయాన్లు లోపలికి వెళతాయి, కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువు ఒకటి ఖర్చవుతుంది. మూడు, రెండు ఎందుకు సమానం కాలేదు, దానివల్ల కణపొరకు ఇరువైపులా ఏం తేడా వస్తుంది అని అడిగితే నాడీ ప్రచోదనం పాఠానికి తలుపు తెరుచుకుంటుంది. పుస్తకం మూసి ఆ బొమ్మను మీరే గీయండి. అందంగా అక్కర్లేదు, బాణాల దిక్కులు సరిగ్గా ఉండాలి.

ఆ ఏటీపీని 1929లో కండరాల నుంచి వేరు చేసినవాళ్లలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. తోటి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి ఆయన 1925లో ఇచ్చిన భాస్వరం అంచనా పద్ధతి బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో వాళ్లిద్దరి పేరుతోనే ఉంటుంది. రికార్డ్‌లో ఆ పేరు రాసేటప్పుడు ఆయన మనవాడని తెలిసి రాస్తే ఆ పేజీ మరిచిపోరు.

గ్రాఫ్ అయితే గీతను చూసే ముందు అక్షాలు చూడండి. 1913 నాటి మైకెలిస్, మెంటెన్ ఎంజైమ్ గ్రాఫ్‌లో అడ్డంగా సబ్‌స్ట్రేట్ గాఢత, నిలువుగా చర్య వేగం ఉంటాయి. గీత మొదట నిటారుగా లేచి తర్వాత చదునవుతుంది. బస్టాండులో నాలుగు టికెట్ కౌంటర్లు ఉంటే, జనం పెరిగేకొద్దీ టికెట్లు వేగంగా తెగుతాయి. నాలుగూ నిండాక క్యూ ఎంత పెరిగినా వేగం పెరగదు. గ్రాఫ్‌ను ఇలా మూడు నాలుగు తెలుగు వాక్యాల్లో చెప్పగలిగితే దాన్ని చదివినట్టే.

పుస్తకం మూసే మెట్టు

ఒక ఉపశీర్షిక పూర్తవగానే పుస్తకం మూసి, ఖాళీ కాగితం మీద గుర్తున్నదంతా రాయండి. కష్టంగా ఉంటుంది. చాలామంది ఈ మెట్టు దగ్గరే వెనక్కి తగ్గి మళ్లీ పుస్తకం తెరుస్తారు, ఎందుకంటే తిరిగి చదివితే హాయిగా, తెలిసినట్టుగా ఉంటుంది.

రోడిగర్, కార్పికే అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 2006లో చేసిన ప్రయోగం నేను ప్రతి బ్యాచ్‌కీ చెబుతాను. చిన్న సైన్స్ పాఠాలను ఒక గుంపు నాలుగు విడతలూ చదివింది. ఇంకో గుంపు ఒక్క విడత చదివి, మిగతా మూడు విడతలూ చూడకుండా గుర్తున్నది రాసింది. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్లు 83 శాతం, రాసినవాళ్లు 71 శాతం గుర్తుతెచ్చుకున్నారు. వారం తర్వాత పెడితే చదివినవాళ్లది 40కి పడిపోయింది, రాసినవాళ్లది 61 దగ్గర నిలబడింది. పరీక్షకు ముందు రాత్రి చదివితే "అంతా వచ్చేసింది" అనిపించడానికీ, నెల తర్వాత సెమిస్టర్‌లో ఏమీ మిగలకపోవడానికీ కారణం ఇందులో కనిపిస్తుంది.

రాశాక పుస్తకం తెరిచి, వదిలేసినవి ఎర్ర పెన్నుతో చేర్చండి. ఆ కాగితమే మీ నోట్సు. పుస్తకం చూస్తూ అందమైన చేతిరాతతో తీసుకునే నోట్సుకు పట్టే టైమ్‌లో ఇలాంటివి మూడు రాయవచ్చు. మర్నాడు, మూడు రోజులకు, వారానికి ఎర్ర సిరా ఉన్న భాగాల్ని మాత్రం చూడకుండా మళ్లీ రాయండి. ఒక్కోసారి పదిహేను నిమిషాలు చాలు. పాత క్వశ్చన్ పేపర్లను కూడా ఈ దశలోనే వాడుకోండి. పాఠం చదవకుండా ఇంపార్టెంట్ క్వశ్చన్స్ గైడ్‌తో మొదలుపెడితే ప్రశ్న కొంచెం మారగానే చేతులెత్తేయాల్సి వస్తుంది.

ఇరుక్కుపోయినప్పుడు

పావుగంట గట్టిగా ప్రయత్నించినా కదలకపోతే అదే పేజీని పట్టుకుని కూర్చోకండి. అదే విషయాన్ని ఇంకో పుస్తకంలో చదవండి. ఒకరు వదిలేసిన మెట్టు మరొకరు రాసి ఉంటారు. ఇంటర్ పుస్తకానికి వెనక్కి వెళ్లడానికి మొహమాటపడకండి. డిగ్రీ పాఠంలో ఆగిపోయిన చాలామందికి అసలు లోటు లాగరిథంలోనో, మోల్ భావనలోనో ఉంటుంది. ఐఐటీల ఎన్‌పీటీఈఎల్ వీడియోలు మంచివే, కానీ మీ ప్రశ్న కాగితం మీద రాసుకున్నాకే తెరవండి. లేకపోతే అదీ ఇంకో పుస్తకంలా కళ్ల ముందు నుంచి వెళ్లిపోతుంది.

తర్వాత లెక్చరర్ దగ్గరికి వెళ్లండి. "సార్, ఈ చాప్టర్ అర్థం కాలేదు" అంటే మేం మళ్లీ మొదటి నుంచి చెప్పడం తప్ప ఏం చేయాలో తెలియదు, మీకూ ఒరిగేది తక్కువ. ఒకసారి మా సెకండియర్ అమ్మాయి ఎలక్ట్రోకెమిస్ట్రీ కాగితం పట్టుకుని స్టాఫ్ రూమ్‌కి వచ్చింది. "సార్, హైడ్రోజన్ పొటెన్షియల్ సున్నా అని మనమే పెట్టుకున్నాం కదా. ఒకవేళ జింక్‌ని సున్నా పెట్టుకుంటే డానియల్ ఘటం 1.10 మారుతుందా?" అని అడిగింది. నేను జవాబు చెప్పకుండా పెన్ను ఇచ్చాను. అక్కడే నిలబడి పట్టికలో ప్రతి విలువకూ 0.76 కలిపింది. రాగి 1.10, జింక్ సున్నా, తేడా మళ్లీ 1.10. ఆ కాగితం మడిచి పుస్తకంలో పెట్టుకుని వెళ్లిపోయింది.